వెల తిరిగొచ్చింది, మరి కాలిపోయిన బట్టల మాటేమిటి?

"మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. రూ.1,349 మీ ఖాతాలో జమ చేయబడినవి."

గత షవ్వాల్ మాసంలో ఈ సందేశం మా ఫోనుకు వచ్చేసరికి మేము న్యాల్‌కల్‌లో మా ఆపా ఇంటి ముందు గదిలో నిలబడి ఉన్నాము. గోడలు పైకప్పు దాకా మసిబారి ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి అన్నం పెట్టిన కుట్టుమిషను మోటారు కరిగి ముద్దయింది. బట్టలు కత్తిరించే చెక్కబల్ల సగం బొగ్గయింది. పెండ్లిళ్ళకు కుట్టి ఇమ్మని ఊరివారు నమ్మి ఇచ్చిపోయిన 11 జతల బట్టలు ఆ బల్ల మీదే బూడిదయ్యాయి. ఇంత నష్టం చేసిన వస్తువు ఒక చిన్న చార్జింగ్ ఫ్యాను. కరెంటు పోయినపుడు ఆపాకు ఉక్కపోత తప్పుతుందని, హైదరాబాద్ నుండి ఆన్‌లైన్‌లో కొని ఆమె చిరునామాకు కానుకగా పంపినది మేమే.

అసర్ నమాజు తరువాత ఆపా ఫ్యానును చార్జింగుకు పెట్టారు. మగ్రిబ్ వేళకు లోపలి గదిలో ముసల్లా పరచుకుంటుండగా పెద్ద శబ్దం వినిపించింది. చూసేసరికి బల్ల అంటుకుని ఉంది. మేనల్లుడు మీటరు దగ్గర మెయిన్ స్విచ్ కట్టేశాడు. ఇరుగుపొరుగు వారు ఇసుక, తడి గోనెసంచులు తెచ్చి మంటలార్పారు. అల్లాహ్ దయవలన ఎవరికీ చిన్న గాయమైనా కాలేదు.

మరునాడు మేము ఊరికి చేరుకునేలోపే అమ్మకపు సంస్థకు ఫోనులో ఫిర్యాదు చేశాము. వారు ఎంతో మర్యాదగా మాట్లాడారు, క్షమాపణ కోరారు, ఒక్కరోజులోనే వెల వాపసు చేశారు. కాలిన మిషను సంగతి, బట్టల సంగతి చెప్పబోతే మాత్రం, "మా విధానం ప్రకారం వస్తువు విలువ వరకే చెల్లిస్తాము" అన్నారు. ఆ వెంటనే పైన చెప్పిన సందేశం వచ్చింది. వారి లెక్కలో మా ఫిర్యాదు ముగిసిపోయింది.

నిజానికి అది అప్పటికింకా మొదలే కాలేదు. వస్తువు పాడైపోవడం ఒక విషయం, ఆ వస్తువు ఇంట్లోని ఇతర సొత్తును పాడుచేయడం మరొక విషయం. మొదటిదానికి పరిహారం ఇచ్చి రెండవదానిని కూడా ముగించినట్లు చూపడం ఆన్‌లైన్ వ్యాపారంలో అలవాటుగా మారింది. మన కుటుంబాలలో చాలామంది ఆ సందేశం చూసి, "పోనీలే, డబ్బులైనా వచ్చాయి" అని ఊరుకుంటున్నారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాము.

న్యాల్‌కల్ సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మండలం. ఒకప్పుడు ఇక్కడివారు ఏ సామాను కొనాలన్నా జహీరాబాద్ వెళ్ళేవారు, లేదంటే బీదర్ వెళ్ళేవారు. కొన్న వస్తువు చెడిపోతే దానిని తీసుకువెళ్ళి అదే దుకాణదారు ముందు పెట్టేవారు. ఆయన పేరు తెలుసు, జుమా నమాజుకు ఏ మస్జిదుకు వస్తారో కూడా తెలుసు. ఇప్పుడు వస్తువు నేరుగా గుమ్మం ముందుకే వస్తోంది. అమ్మినవారెవరో మాత్రం తెలియడం లేదు. మా ఫ్యాను బిల్లు మీద ఉన్న అమ్మకందారు ఎక్కడో ఉత్తరాదిన ఉన్న ఒక సంస్థ. డబ్బా మీద దిగుమతిదారు పేరు వేరే ఉంది. తయారైన దేశం చైనా. మేము ఆర్డరు పెట్టిన వెబ్‌సైటు ఈ ఇద్దరిలో ఎవరిదీ కాదు. నష్టం జరిగినపుడు ఈ ముగ్గురిలో ఎవరి గుమ్మం తొక్కాలి?

ఇంట్లో ముందుగా వచ్చిన మాట సబర్. "అల్లాహ్ రాసిపెట్టినది జరిగింది, ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు" అన్నారు భాయీసాబ్. "వెయ్యి రూపాయల ఫ్యాను కోసం సంగారెడ్డి కోర్టుల చుట్టూ ఎవరు తిరుగుతారు?" అన్నారు ఆయన తమ్ముడు. వారి మాటలో తప్పు పట్టవలసినదేమీ లేదు. అయితే కష్టం వచ్చినపుడు అల్లాహ్ మీద ఫిర్యాదు చేయకుండా ఉండడం సబర్. మనకు నష్టం చేసినవారిని నష్టపరిహారం అడగకుండా ఉండడం సబర్‌లో భాగమని ఎవరూ చెప్పలేదు. క్షమించే అధికారం మనకు ఉంది, నిజమే. కానీ కాలిపోయిన 11 జతల బట్టలు ఆపావి కావు. పరుల సొత్తును ఆపా ఎలా క్షమించి వదిలేయగలరు? ఈ మాట అన్నపుడు భాయీసాబ్ కాసేపు మౌనంగా ఉండి, "అయితే అడుగుదాం" అన్నారు.

పగిలిన గిన్నె, మేకలు మేసిన పొలం

మన ఫిఖ్‌హ్‌లో ఈ రెండు విషయాలకు రెండు వేర్వేరు పేర్లున్నాయి. కొన్న వస్తువులో ముందుగా చెప్పని లోపం బయటపడితే దానిని తిరిగి ఇచ్చివేసే హక్కును ఖియారుల్ ఐబ్ అంటారు. ఒకరి వలన మరొకరి సొత్తుకు నష్టం కలిగితే దానిని భర్తీ చేయవలసిన బాధ్యతను జమాన్ అంటారు. మొదటిది బేరానికి సంబంధించినది, రెండవది నష్టానికి సంబంధించినది. ఒకటి తీర్చినంత మాత్రాన రెండవది తీరిపోదు.

లోపాన్ని దాచి అమ్మడాన్ని గురించి మహాప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టిన సంఘటన మనందరికీ తెలిసినదే. పైన పొడిగా, లోపల తడిగా ఉన్న ఆ ధాన్యాన్ని చూసి ఆయన వ్యాపారిని ఎంత తీవ్రంగా మందలించారో సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. నష్టపరిహారం గురించి అంతే స్పష్టమైన సంఘటన మరొకటి ఉంది, దానిని మన ప్రసంగాలలో తక్కువగా వింటాము. ప్రవక్త (స) ఒక సతీమణి ఇంట ఉన్నపుడు మరొక సతీమణి సేవకునితో ఒక పళ్ళెంలో భోజనం పంపారు. మొదటి ఆవిడ చేయి తగిలించగా పళ్ళెం కిందపడి పగిలిపోయింది. ఆయన కోపగించుకోలేదు. ముక్కలను, చెదిరిన ఆహారాన్ని తానే ఏరి, ఆ సేవకుణ్ణి ఆగమని చెప్పారు. ఆ ఇంటి నుండి మంచి పళ్ళెం తెప్పించి పళ్ళెం పోగొట్టుకున్నవారికి పంపారు, పగిలినది పగలగొట్టినవారి ఇంటనే ఉంచారు. బుఖారీ ఉల్లేఖించిన ఈ హదీసులో గమనించవలసినది ఏమంటే, ఎంత దగ్గరి బంధం ఉన్నా, ఎంత చిన్న వస్తువైనా, నష్టపోయినవారికి వారి వస్తువుతో సమానమైనది చేరింది.

దివ్యఖుర్ఆన్ అంబియా సూరాలో దావూద్, సులైమాన్ ప్రవక్తలు (అలై) ఒక పొలం తగాదా తీర్చిన ప్రస్తావన ఉంది. రాత్రివేళ కొందరి మేకలు పొలంలో పడి మేశాయి. దావూద్ (అలై) మేకలను పొలం యజమానికి ఇచ్చివేయాలని భావించారనీ, సులైమాన్ (అలై) మాత్రం మేకల యజమాని పొలాన్ని మునుపటి స్థితికి తెచ్చేవరకు వాటి పాలు, ఉన్ని పొలం యజమాని వాడుకోవాలని, ఆ తరువాత ఎవరి సొత్తు వారికి చేరాలని తీర్పు చెప్పారనీ వ్యాఖ్యాతలు వివరించారు. పొలాలు, మేకలు ఉన్న న్యాల్‌కల్‌లో ఈ తగాదాను ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మేకను బయటికి తోలినంత మాత్రాన మేసిన చేను తిరిగి మొలవదు కదా.

మన దేశ చట్టం ఏమంటోంది

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఇటువంటి నష్టానికి ప్రత్యేక అధ్యాయం లేదు. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై నుండి అమలులోకి వచ్చింది. అందులోని ఆరవ అధ్యాయం, అంటే 82 నుండి 87 వరకు గల సెక్షన్లు, ఉత్పత్తి బాధ్యతకు కేటాయించారు. ఇందులో 'హాని' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం మా ఆపా విషయానికి సరిగ్గా సరిపోతుంది. లోపభూయిష్టమైన వస్తువు వలన ఆ వస్తువు కాక ఇతర ఆస్తికి కలిగిన నష్టం హాని. శరీరానికి గాయం, అనారోగ్యం, మరణం హాని. ఆస్తి నష్టంతో పాటు కలిగిన మనోవేదన కూడా హానియే. అయితే వస్తువు తనకు తాను పాడైపోవడం ఈ నిర్వచనం కిందికి రాదు. దానికి వెల వాపసు, మార్పిడి వంటి వేరే పరిహారాలు అదే చట్టంలో ఉన్నాయి. అంటే ఫిఖ్‌హ్ చేసిన విభజననే ఈ చట్టమూ చేసింది. సెక్షన్ 39 ప్రకారం కమిషన్ ఈ రెండింటినీ ఒకే తీర్పులో మంజూరు చేయవచ్చు.

ఇక్కడ పాఠకులు ఒక పరిమితిని గుర్తుంచుకోవాలి. వ్యాపార నష్టం, ఆర్థిక నష్టం ఈ 'హాని' కిందికి రావని చట్టం స్పష్టంగా చెప్పింది. కనుక మిషను పోవడం వలన ఆపాకు నెలన్నర పాటు పోయిన కుట్టుకూలిని ఈ అధ్యాయం కింద లెక్కగట్టి అడగడానికి వీలులేదు. మిషను విలువ, బల్ల విలువ, గోడల మరమ్మతు, బట్టల విలువ అడగవచ్చు. మేము మొదట రాసుకున్న జాబితాలో కూలి కూడా ఉంది, న్యాయవాది దానిని కొట్టివేయించారు. ఆపా ఆ గీత వైపు చాలాసేపు చూశారు.

తయారీదారు ఎప్పుడు బాధ్యుడు? తయారీలో లోపం ఉన్నపుడు, డిజైనులో లోపం ఉన్నపుడు, చెప్పిన ప్రమాణానికి భిన్నంగా చేసినపుడు, ఇచ్చిన హామీకి తగినట్లు లేనపుడు, ప్రమాదం జరగకుండా వాడుక గురించి తగిన సూచనలు ఇవ్వనపుడు. స్పష్టమైన హామీ ఇచ్చిన తరువాత, అందులో నిర్లక్ష్యంగానీ మోసంగానీ లేదని నిరూపించుకున్నా తయారీదారు తప్పించుకోలేడు. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా అతనికి నోటీసు అందించే వీలు లేకపోయినా, లేదా అతడు భారతీయ చట్టానికి లోబడి ఉండకపోయినా, ఆ బాధ్యత అమ్మకందారు మీద పడుతుంది. చైనాలో తయారైన ఫ్యాను విషయంలో ఈ నియమం ఎంత ఉపయోగమో వేరుగా చెప్పనక్కరలేదు.

అమ్మకందారు ఇచ్చిన జవాబు మాత్రం మేము ఊహించనిది. "మీరు వాడిన చార్జరు మాది కాదు, కనుక దుర్వినియోగం" అని రాశారు. వస్తువును దుర్వినియోగం చేసి ఉంటే, మార్పులు చేసి ఉంటే పరిహారం రాదన్నది నిజమే, 87వ సెక్షన్‌లో ఆ మినహాయింపు ఉంది. అయితే ఆ డబ్బాలో చార్జరు ఇవ్వనేలేదు, తీగ ఒక్కటే ఇచ్చారు. ఏ చార్జరుకు తగిలించాలో, ఎంతసేపు పెట్టాలో చెప్పే ఒక్క మాట ఆ కాగితంలో లేదు. ఆ కాగితాన్ని ఆపా బీరువాలో దాచి ఉంచడం మా అదృష్టం.

"మేము బజారు మాత్రమే"

వెబ్‌సైటు సంస్థలు తరచుగా చెప్పే మాట ఇది. తాము స్థలం మాత్రమే ఇచ్చామని, అమ్మినది వేరొకరని అంటారు. ఈ వాదన ఎప్పుడూ చెల్లుతుందని చెప్పలేము, ఎప్పుడూ చెల్లదనీ చెప్పలేము. వస్తువు మీద వారికి ఎంత అదుపు ఉందన్నదే ప్రధాన ప్రశ్న.

2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన ఆదేశాలు ఈ విషయంలో చదవదగినవి. 2021 ఫిబ్రవరి 1 నుండి ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్లకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ గుర్తు లేని కుక్కర్లను తమ వేదిక మీద అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా విధించారు. అలా అమ్ముడైన 2,265 కుక్కర్లను కొన్నవారందరికీ సమాచారమిచ్చి, వాటిని వెనక్కి తీసుకుని, వెల వాపసు చేయమన్నారు. ఆ అమ్మకాల మీద అమెజాన్‌కు రూ.6,14,825.41 రుసుము వచ్చిందని ఆదేశంలో నమోదైంది. అమ్మకం మీద లాభం తీసుకుంటూ బాధ్యత మాత్రం లేదనడం కుదరదన్నది ఆ ఆదేశపు సారం. ఫ్లిప్‌కార్ట్ మీద కూడా 598 కుక్కర్ల విషయంలో ఇటువంటి ఆదేశమే వచ్చింది. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకు ఒక మాట: 2020 ఆగస్టులో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు, వేరొక అమ్మకందారు పెట్టిన ల్యాప్‌టాప్ బ్యాటరీ పేలి గాయపడిన మహిళ కేసులో అమెజాన్‌ను కూడా బాధ్యునిగా నిలబెట్టవచ్చని తీర్పునిచ్చింది. అక్కడ కూడా చర్చ ఇదే.

కనుక ఫిర్యాదులో అమ్మకందారును, దిగుమతిదారును, వెబ్‌సైటును ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చడం మేలు. ఎవరి వంతు ఎంతో కమిషన్ తేలుస్తుంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం, కొన్న తరువాత వినియోగదారుడు రాతపూర్వకంగా అడిగితే అమ్మకందారు చిరునామా తదితర వివరాలను వెబ్‌సైటు ఇవ్వవలసిందే. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. ఫోనులో మాట్లాడి ఊరుకోకుండా రాతపూర్వకంగా అడగడంలోనే బలముంది. లావాదేవీలను రాసుకోమని బఖరా సూరాలో ఎంత వివరంగా చెప్పారో మనకు తెలుసు, ఆచరణలో మాత్రం ఫోనులోని స్క్రీన్‌షాట్ కూడా దాచుకోము.

కాలిన వస్తువును ఇచ్చివేయవద్దు

మా అనుభవంలో ముఖ్యమైన ఘట్టం ఇది. వెల వాపసు చేసిన మరునాడే కాలిన ఫ్యానును తీసుకుపోవడానికి డెలివరీ కుర్రవాడు గుమ్మం ముందుకు వచ్చాడు. వస్తువు తిరిగి ఇవ్వకపోతే వాపసు రద్దవుతుందని సందేశం కూడా వచ్చింది. ఆపా ఫ్యానును సంచిలో వేసి సిద్ధంగా ఉంచారు. ఆ సమయంలో సంగారెడ్డిలో ఉన్న మా పరిచయస్తుడైన న్యాయవాదికి ఫోను చేయడం మా జీవితంలో చేసిన మంచి పనులలో ఒకటి. "ఆ ఫ్యానే మీ సాక్షి. దానిని పంపిస్తే మీ దగ్గర మిగిలేది బూడిదే" అన్నారాయన.

ఆయన మాటకు చట్టంలో ఆధారముంది. లోపాన్ని పరీక్ష లేకుండా తేల్చలేని సందర్భంలో కమిషన్ ఆ వస్తువును సీలు వేసి ప్రయోగశాలకు పంపిస్తుంది, నివేదిక 45 రోజులలో రావాలని నియమం. వస్తువే లేకపోతే పరీక్షించేది దేనిని? మేము కుర్రవాడికి నీళ్ళిచ్చి పంపివేసి, సంస్థకు ఇలా రాశాము: వస్తువును దాచడం లేదు, మీ మనిషిని పంపి మా సమక్షంలో పరిశీలించుకోండి, పరీక్ష పూర్తయ్యాక తిరిగి ఇస్తాము, వెల వాపసు అందుకున్నా ఇతర నష్టానికి సంబంధించిన హక్కును మేము వదులుకోవడం లేదు. వారం తరువాత ఆ రూ.1,349 మా ఖాతా నుండి వెనక్కి వెళ్ళిపోయాయి. పోనివ్వండి అనుకున్నాము. నలభై వేలకు పైబడిన నష్టానికి సాక్ష్యాన్ని పదమూడు వందలకు అమ్ముకోలేము కదా.

అదే రోజు సాయంత్రం గదిని ఊడ్చకముందే అన్ని వైపుల నుండి ఫోటోలు, వీడియో తీశాము. స్థానిక పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాము. ఊరి ఎలక్ట్రీషియన్ ఇంటి వైరింగు, మీటరు బాగానే ఉన్నాయని, మంట బల్ల మీద చార్జింగులో ఉన్న వస్తువు నుండే మొదలైనట్లు ఉందని రాసి సంతకం చేశాడు. దీని అవసరం తరువాత తెలిసింది. వోల్టేజీ ఎక్కువై కాలిందని ఎదుటివారు వాదించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మిషను పాత బిల్లు దొరకలేదు. బీదర్‌లోని మెకానిక్ ఇది బాగుపడదని, అదే రకం మిషను ఇప్పటి ధర ఇంత అని రాసి ఇచ్చాడు. పాత మిషనుకు కొత్త మిషను ధర అడగడం న్యాయం కాదని ఆపాయే పట్టుబట్టి, ఆ ధరలో సగమే రాయించారు. నష్టాన్ని పెంచి రాయడం కూడా ధాన్యం కింద తడిని దాచడం వంటిదేనన్నారు ఆమె.

ఇటువంటి మంటలు ఎందుకు పుడతాయో కొంత తెలుసుకోవడం మంచిది. చార్జింగ్ ఫ్యాన్లలో, పవర్ బ్యాంకులలో ఉండే లిథియం సెల్లులో రెండు పొరల మధ్య పలుచని అడ్డుపొర ఉంటుంది. అది తయారీలో దెబ్బతిన్నా, ఎక్కువ చార్జింగుతో వేడెక్కి కరిగినా, లోపలే షార్టవుతుంది. ఆ వేడి రసాయన చర్యను రేపుతుంది, ఆ చర్య మరింత వేడిని పుట్టిస్తుంది, ఇక అది ఆగదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగుకు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ పేలి ఎనభై ఏళ్ళ వృద్ధుడు మరణించారు. ఆ వెంటనే తయారీ సంస్థ 2,000 వాహనాలను వెనక్కి పిలిపించింది. లిథియం సెల్లులు, పవర్ బ్యాంకులు, చార్జర్లు భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద నమోదు కావడం తప్పనిసరి. వాటి మీద ఉండే 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది నిజమో కాదో తెలుస్తుంది. ఈ పని మేము కొనేముందు చేసి ఉండవలసింది. వెల చూశాము, చుక్కల గుర్తులు చూశాము, ఆ సంఖ్యను చూడలేదు.

సంగారెడ్డి దాకా

ఫిర్యాదు ఎవరు చేయాలన్నది మాకు వచ్చిన మొదటి సందేహం. డబ్బు మాది, బిల్లు మా పేరిట ఉంది, నష్టం ఆపాది. కొన్నవారి అనుమతితో వస్తువును వాడుకునేవారు కూడా వినియోగదారులే అని చట్టం చెబుతోంది. కనుక హదియాగా అందుకున్న వస్తువు విషయంలోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఆపాయే ఫిర్యాదుదారు అయ్యారు. ఫిర్యాదుదారు నివసించే చోటనే ఫిర్యాదు వేయవచ్చునన్నది కొత్త చట్టం ఇచ్చిన పెద్ద సౌకర్యం. అమ్మకందారు ఎక్కడున్నా సరే, న్యాల్‌కల్ వాసికి సంగారెడ్డిలోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. వస్తువుకు చెల్లించిన వెల 5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఈ-జాగృతి అనే ప్రభుత్వ వేదికలో ఇంటి నుండే దాఖలు చేయవచ్చు, కోరితే వీడియో ద్వారా విచారణకు కూడా హాజరు కావచ్చు. మేనల్లుడు జహీరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాడు, రెండు సాయంత్రాలు కూర్చుని కాగితాలన్నీ ఎక్కించాడు. గడువు రెండు సంవత్సరాలు. ఈలోపు 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి తెలుగులోనూ మాట్లాడుతుంది. కేసు దాకా వెళ్ళకుండా సంస్థతో మాట్లాడి పరిష్కరించే ప్రయత్నం చేస్తుంది. మా విషయంలో ఆ ప్రయత్నానికి సంస్థ లొంగలేదు. కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపితే మాత్రం వెళ్ళాలనే ఆపా నిర్ణయం. సుల్హ్‌కు తలుపు మూయకూడదంటారు ఆమె.

వడ్డీ గురించి పాఠకులు తప్పక అడుగుతారు. వినియోగదారుల కమిషన్లు పరిహారాన్ని వడ్డీతో సహా చెల్లించమనడం పరిపాటి. మేము ఫిర్యాదులో వడ్డీ కోరలేదు, పరిహారం, ఖర్చులు మాత్రమే కోరాము. కోరకపోయినా తీర్పులో వస్తే ఏమి చేయాలన్నది ఎవరికి వారు తమకు నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవలసిన విషయం.

ఇక ఆ 11 జతల బట్టల సంగతి. కుట్టడానికి ఇచ్చిన బట్ట కుట్టేవారి చేతిలో ఉండగా పాడైతే ఎవరు భరించాలన్న విషయంలో ఫుఖహాల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. నిర్లక్ష్యం లేకపోతే బాధ్యత లేదని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. నివారించలేని విపత్తు అయితే తప్ప బాధ్యత ఉంటుందని ఆయన శిష్యులిద్దరి అభిప్రాయం. ఈ చర్చ విని ఆపా, "వాళ్ళు నన్ను నమ్మి ఇచ్చారు, పుస్తకాలలో ఏమున్నా నేను వాళ్ళ ముఖం చూడాలి కదా" అన్నారు. బట్టలు మూడు ఇళ్ళవారివి. పొరుగున ఉన్న లింగాయతుల ఇంటివారు ఒక్క పైసా వద్దన్నారు, పైగా పెండ్లికి పిలిచారు. ఒకరు సగం తీసుకున్నారు. మూడవవారి పట్టుబట్టల విలువను ఆపా తన చిట్టీ డబ్బులలో నుండి మూడు వాయిదాలలో చెల్లించారు. చెల్లించినదానికి వారి చేత రాయించుకున్న రసీదులే ఇప్పుడు కమిషన్ ముందున్న కాగితాలలో ఉన్నాయి. మాఫ్ చేసిన బట్టల విలువను జాబితాలో చేర్చలేదు.

కేసు ఇంకా నడుస్తోంది. అమ్మకందారు జవాబు దాఖలు చేశాడు, చార్జరు మాటే మళ్ళీ రాశాడు. దిగుమతిదారు ఇంకా హాజరు కాలేదు. వస్తువును ప్రయోగశాలకు పంపమని మేము దరఖాస్తు పెట్టాము. ఆపా వాయిదాల మీద మరొక మిషను కొన్నారు, ఈసారి ముందు గదిలో కాక వరండాలో పెట్టుకున్నారు. సగం కాలిన బ్యాటరీ మళ్ళీ రాజుకోవచ్చని తెలిసిన తరువాత ఆ ఫ్యానును ఇంట్లో ఉంచలేదు. పెరట్లో గేదెల కొట్టానికి దూరంగా, ఇసుక పోసిన పాత నూనె డబ్బాలో ఉంది. చేయి పెట్టవద్దని డబ్బా మూత మీద ఆపా కుట్టు సుద్దతో ఉర్దూలోను, తెలుగులోను రాసి ఉంచారు. వాన పడినపుడల్లా మళ్ళీ రాస్తున్నారు.